సుత్తితో దించిన స్క్రూలు

ఆ ఉదయం సౌదీలో, వీసా ఇచ్చి తమను పనికి పెట్టుకున్న కఫీల్ ఇంటి వంటగదిలో రహమత్బీ రొట్టెలు కాలుస్తోంది. కారు షెడ్డులోంచి టకటకమని సుత్తి చప్పుడు. ఆమె మొగుడు మస్తాన్ వలీ ఆ ఇంటికి డ్రైవరు. కడప జిల్లాలో ఉన్నప్పుడు వడ్రంగి. కఫీల్ కూతురు సారా వచ్చే వారం తండ్రితో స్విట్జర్లాండు వెళ్లి మంచు మీద జారుతుందట! ఈ రాస్ తనూరా ఊరు వదిలి వెళ్లిపోతూ పక్కింటి అమెరికా వాళ్లు స్కీలు, అంటే కాళ్లకు కట్టుకుని జారే పొడుగు పలకలు ఇచ్చారు. బూట్లను వాటికి పట్టి ఉంచే బైండింగులు మాత్రం విడిగా ఉన్నాయి. ఇంకేముంది, బిగించే పని మస్తాన్ నెత్తిన పడింది.

గంట తిరక్కుండానే అతను చేతులు తుడుచుకుంటూ వచ్చాడు.

"అయిపాయె. టీ పొయ్యి."

"అప్పుడేనా? స్క్రూలు బిగించేదానికి సుత్తి ఎందుకయ్యా?"

"సగం కొట్టి సగం తిప్పితే బిరబిరా దిగుతాయి. మనూర్లో తలుపులన్నీ నేనట్ల బిగించినవే గదా!"

"తలుపు ఉన్నచోటే ఉంటాది. వీటిని కట్టుకోని పిల్ల కొండ మీంచి జారాల."

రహమత్బీ మనసు ఒప్పలేదు. పొయ్యి ఆర్పి షెడ్డుకు పోయింది. సారా బూటును బైండింగులో ఇరికించి, రెండు చేతులా పట్టి మెలి తిప్పింది. స్క్రూలు రెండు పైకి లేచాయి. సుత్తి దెబ్బకు లోపల చెక్క చితికిపోయి పట్టు వదిలేసింది. ఆమె వెనకే వచ్చిన మొగుడి వైపు తిరిగింది.

"చూడు నీ పనితనం! పోయి కఫీల్‌కు చెప్పు."

"మెల్లగా మాట్లాడు. చెప్తే పాస్‌పోర్టు మీద ఎగ్జిట్ కొట్టి మనల్ని ఇంటికి పంపిస్తాడు. పైనుంచి ఇంకొంచెం గట్టిగా తిప్పుతాలే."

"పిల్ల కాలు విరిగితే?"

"పిల్ల, పిల్ల!" మస్తాన్ ఒక్కసారిగా గొంతు పెంచాడు. "దానికి తుమ్మొస్తే నీకు నిద్ర రాదు. మన ఫర్జానాను మూడేండ్లప్పుడు మా అమ్మ దగ్గర ఇడిచిపెట్టి వస్తిమి. పదేండ్లాయె. దానికి జరమొస్తే ఎవురు చూస్తాండారు?"

ఎంత మాట! రహమత్బీ గోడకు ఆనుకుని నిలబడిపోయింది. రెండేళ్ల కిందట, గల్ఫ్ యుద్ధంలో సైరన్ మోగినప్పుడల్లా సారా ఆమె ఒళ్లో తల దాచుకునేది. ఆమె ఆ వీపు నిమురుతూ, కళ్లు మూసుకుని, ఇది నా ఫర్జానా అనుకునేది. ఆ సంగతి మొగుడికి ఎన్నడూ చెప్పలేదు, చెప్పాలంటే సిగ్గేసింది.

"సారాను పట్టుకున్నప్పుడల్లా నేను ఎవుర్ని పట్టుకుంటాండానో నీకేం తెలుసు?" అంది, కళ్లనీళ్లు కారుతుండగా. "ఒక్క మాట చెప్పు. ఇవి ఫర్జానా కట్టుకునేటివైతే సుత్తితో కొట్టేవాడివా?"

మస్తాన్ స్కీలు భుజానేసుకుని లోపలికి, కఫీల్ దగ్గరికి నడిచాడు. రహమత్బీ తలుపు పక్కన నిలబడింది.

"బాబా, తప్పు చేసినాను," అన్నాడతను వచ్చీరాని అరబ్బీలో. "వీటితో పాపను పంపొద్దు."

కఫీల్ మండిపడ్డాడు. ఇల్లు అదిరేలా అరిచాడు. ఎగ్జిట్ అనే మాట మాత్రం రాలేదు. చివరికి, "మూడు రోజుల టైముంది. సరిగ్గా చెయ్యి," అని లేచి వెళ్లిపోయాడు.

ఈసారి మస్తాన్ తొందరపడలేదు. పాత బెజ్జాలకు జిగురు పూసి కర్ర మేకులు దించాడు. జిగురు ఆరాక బైండింగు కొంచెం ముందుకు జరిపి గుర్తులు పెట్టాడు. డ్రిల్లు ముల్లు ఎక్కువ లోతు దిగకుండా దానికి టేపు చుట్టాడు. రహమత్బీ స్కీని కదలకుండా పట్టుకుంది. అతను స్క్రూలను చేత్తోనే, ఒక్కొక్క చుట్టే తిప్పాడు. సారా బూట్లు తొడుక్కుని నిలబడి అటూ ఇటూ ఎంత మెలి తిరిగినా ఒక్క స్క్రూ లేవలేదు. ఆ పిల్ల రహమత్బీ మెడ చుట్టూ చేతులేసి ముద్దు పెట్టి లోపలికి పరిగెత్తింది.

"రహమతూ," అన్నాడు మస్తాన్, తల ఎత్తకుండా. "సారా పెద్దదాయె. ఈ నెల్లో నేనే పోయి కఫీల్‌ను ఎగ్జిట్ అడుగుతా. నీకు."

"నాకా? మరి నువ్వు?"

"ఇంగో రెండేండ్లు ఉంటా. నువ్వు పో."

"పదేండ్లాయె గదయ్యా," అంది ఆమె. "అది నా దగ్గరికి వస్తాదా?"

"రాకుంటే నువ్వే పో, దాని దగ్గరికి."

రహమత్బీ ఆ షెడ్డులోనే, మొగుడి భుజం మీద తల పెట్టి, బిడ్డ పేరు పైకే పిలుస్తూ ఏడ్చింది.