ఒక్క నక్షత్రం ఇచ్చిన పాఠకురాలు

పొయ్యిలోంచి రొట్టెలు తీసి, మీద గుడ్డ కప్పి, రొవీనా కూతురి వైపు చూసింది. ఆ చూపు కెండ్రాకు అలవాటే. కాఫీ కప్పు పక్కకు జరిపి ఫోను తీసింది. ఆ ఇంట్లో ఇదివరకు తినబోయే ముందు ప్రార్థన చేసేవాళ్ళు. పుస్తకం వచ్చినప్పటి నుంచి ముందు పాఠకుల అభిప్రాయాలు, ఆ తర్వాతే ప్రార్థన.

పుస్తకం రొవీనా తల్లి గురించి. డెల్ఫా స్టిడం అంటే ఒకప్పుడు ఈ కెంటకీ కొండల్లోనే కాదు, రేడియో ఉన్న ప్రతి ఇంట్లోనూ తెలిసిన పేరు. మూడేళ్ళ కూతుర్ని అక్క జ్యువెల్ చేతుల్లో పెట్టి, గిటారు తగిలించుకుని నాష్‌విల్ వెళ్ళిపోయింది. శనివారం రాత్రుళ్ళు రేడియోలో కంట్రీ పాటలు పాడి ఊరూరా అభిమానుల్ని సంపాదించుకుంది. క్రిస్మస్‌కి వచ్చేది, పెట్టె సర్దుకుని మళ్ళీ వెళ్ళేది. ఆమె పోయి చాలా ఏళ్ళయింది. ఆమె జీవితచరిత్ర రాస్తానంటూ ఎవరో రచయిత గుమ్మం ఎక్కితే, రొవీనా అతన్ని వరండాలో కూర్చోబెట్టి, కడుపులో దాచుకున్నదంతా కక్కేసింది. ‘మా అమ్మ లోకమంతటికీ పాడింది. ఆ పాటల మధ్య నా పేరు ఒక్కసారి కూడా రాలేదు’ అన్న ఆమె మాటను పుస్తకం వెనక అట్ట మీద పెద్ద అక్షరాల్లో వేశారు.

కెండ్రా చదవడం మొదలుపెట్టింది. టెక్సస్‌లో ఒకాయన ఐదు నక్షత్రాలిచ్చి, పుస్తకం మూసీ మూయగానే డెల్ఫా రికార్డులన్నీ చెత్తబుట్టలో పడేశానని రాశాడు. ఎవరో ఒకావిడ ఆ పసిపిల్లను తల్చుకుని రాత్రంతా ఏడ్చానంది. ఇంకొకాయనకు పుస్తకం అట్ట నలిగి వచ్చిందట, అందుకని రెండు నక్షత్రాలే. రొవీనా భర్త క్లైడ్ రొట్టె మీద గ్రేవీ పోసుకుంటూ, “ఆ అట్ట నలగడం కూడా మా అత్తగారి ఖాతాలోనే రాసేయండి” అన్నాడు.

ఎక్కువమందికి కోపం తెప్పించినది మాత్రం క్రిస్మస్ ముచ్చట. డెల్ఫా ఇంటికి రాగానే, కోటైనా విప్పకుండా కూతురి ముందు మోకాళ్ళ మీద కూర్చుని, “విన్నావా?” అని అడిగేది. ఏడాదికోసారి కనిపించే తల్లి పిల్లను అడగాల్సిన మొదటి మాట అదేనా? తిన్నావా అని కాదు, బాగున్నావా అని కాదు. తన పాట విందా లేదా అన్నదే ఆమెకు ముఖ్యం. రొవీనా చెప్పింది చెప్పినట్టు రచయిత రాశాడు. పాఠకులు ఆ పేజీ దగ్గరే డెల్ఫాను వదిలేశారు.

ఇంత జరుగుతున్నా, ఆ ఇంట్లోనే ఉంటున్న జ్యువెల్ నోరు మెదిపేది కాదు. తొంభైకి దగ్గరపడిన మనిషి, నడవడానికి ఉక్కు చట్రం కావాలి. కిటికీ దగ్గర కూర్చుని ముడతల కాగితంతో పువ్వులు చుట్టి, కరిగిన మైనంలో ముంచి ఆరబెట్టేది. సమాధుల ఆదివారం దగ్గర పడుతోంది. కొండ మీది శ్మశానంలో తమవాళ్ళ సమాధులన్నీ శుభ్రం చేసి, మట్టి ఎగదోసి, పువ్వులు పెట్టి, అక్కడే అందరూ కలిసి భోంచేసే రోజది. కెండ్రా ఫోను తీయగానే ముసలావిడ చెవిలోని వినికిడి యంత్రం ఊడదీసి జేబులో వేసుకునేది. పెద్దతనం, వినలేకపోతోంది పాపం, అనుకునేవాళ్ళు.

మొదట్లో ఈ అభిప్రాయాలు రొవీనాకు తేనెలా ఉండేవి. ఇన్నేళ్ళకు తన పక్షాన నాలుగు నోళ్ళు లేచాయి. కానీ రోజులు గడిచేకొద్దీ ఆ రుచి మారింది. కెండ్రా చదువుతుంటే, వెనక జాలీ తలుపు దగ్గర ఎవరో నిలబడి వింటున్నట్టు ఉండేది. కోటు విప్పకుండా, పెట్టె కింద పెట్టకుండా. రికార్డులు చెత్తబుట్టలో పడేశానన్న మాట విన్నప్పుడు ఆమె నిజంగానే తల తిప్పి చూసింది. తలుపవతల ఎండ తప్ప ఏమీ లేదు. నిద్ర కూడా పాడైంది. చిన్నప్పటి నుంచీ ఆమెకు నిద్రలో దుప్పటి తన్నేసే అలవాటు. ఇప్పుడు పాదాలు మంచుముద్దలై మెలకువ వచ్చేది.

ఆ శుక్రవారం జ్యువెల్ కట్టిన పువ్వుల గుత్తుల్ని రొవీనా పెట్టెలో సర్దుతూ, ఒక గుత్తి తీసి పక్కన పెట్టింది. తాతకు, అమ్మమ్మకు, మిగతా అందరికీ పెడదామనీ, ఈసారి అమ్మకు వద్దనీ తేల్చి చెప్పింది. ఊరందరి ముందూ మనసులో లేని ప్రేమ ఒలకబోయడం తనవల్ల కాదంది. జ్యువెల్ ఆ గుత్తి తీసుకుని ఒళ్ళో పెట్టుకుంది. పోయినవాళ్ళతో పంతమేమిటని మాత్రం అంది. “పంతం కాదు పెద్దమ్మా. నాకు అమ్మంటూ ఉంటేగా పువ్వులు పెట్టడానికి” అంది రొవీనా. ముసలావిడ చేయి చెవి దగ్గరకు వెళ్ళింది.

మర్నాడు పొద్దున కెండ్రా ఫోను చూసి నవ్వింది. కొత్త అభిప్రాయమట, ఒక్క నక్షత్రమే ఇచ్చిందట, ఎవరో నెబ్రాస్కా ముసలావిడ. ఏం తిట్టిందో విందామంటూ చదవడం మొదలుపెట్టింది.

“‘ఈ పుస్తకం అబద్ధం. రాసినాయన ఆ శనివారాలు రేడియో వినలేదు. మేం విన్నాం. మాది ఊరికి దూరంగా పొలాల్లో ఇల్లు. ఎనిమిది మంది పిల్లలం రేడియో చుట్టూ కూర్చునేవాళ్ళం. డెల్ఫా తన ఆఖరి పాట అయిపోగానే, చప్పట్లు సద్దుమణిగే దాకా ఆగి…’” కెండ్రా గొంతు నెమ్మదించింది. “‘…నిద్రపో రెన్నీ, కాళ్ళు కప్పుకో, అనేది. ప్రతి వారం. ఎవరా రెన్నీ అని మాకు ఒకటే ఈర్ష్య. మా అమ్మ మమ్మల్ని వరసగా పడుకోబెట్టి అదే మాట అనేది. దేశమంతా విన్న మాట, ఆ కూతురొక్కతే ఎలా వినలేదో నాకు అర్థం కావడం లేదు.’”

క్లైడ్ చేతిలో చెంచా ఆగిపోయింది. కింద ఇంకా కొందరు రాశారంది కెండ్రా. అయోవా నుంచి ఒకాయన, తనకూ గుర్తుందనీ, తన మనవళ్ళకు ఇప్పటికీ దుప్పటి కప్పి అదే చెప్తాననీ రాశాడు. అది పాటలో ముక్క అనుకున్నామని మరొకరు. తర్వాత తల్లి మొహం చూసి ఫోను బల్ల మీద బోర్లించింది.

రొవీనాను రెన్నీ అని పిలిచిన మనుషులు ఈ భూమ్మీద ఇద్దరే. ఒకరు తల్లి. పుస్తకంలో ఆ పేరు ఎక్కడా లేదు. రచయితకు ఆమె చెప్పలేదు, భర్తక్కూడా ఎప్పుడూ చెప్పలేదు. రెండో మనిషి కిటికీ దగ్గర కూర్చుని, ఖాళీ చెవితో మైనం కదుపుతోంది.

రొవీనా లేచి వెళ్ళి ఆమె ముందు చేయి చాచింది. జ్యువెల్ ఆ చేతి వంకా, ఆ మొహం వంకా చూసి, జేబులోంచి యంత్రం తీసి అరచేతిలో పెట్టింది. రొవీనా దాన్ని తిరిగి ఆమె చేతికే ఇచ్చింది.

“పెట్టుకో పెద్దమ్మా. ఇవాళ నువ్వు వినాలి.”

జ్యువెల్ దాన్ని చెవిలో పెట్టుకుంది. కెండ్రా మళ్ళీ మొదటి నుంచి చదివింది. చదవడం అయ్యాక జ్యువెల్ నిజమేనంది. అంతసేపూ ఆమె మైనం గిన్నెలోంచి చూపు ఎత్తలేదు.

తర్వాత కొంచెం కొంచెంగా చెప్పింది. వాళ్ళ నాన్న పాత బాప్టిస్టు సంఘంలో పెద్ద. గిటారు మోత వింటే ఒంటికాలి మీద లేచేవాడు. ఇంట్లో బ్యాటరీ రేడియో ఉన్నది ప్రసంగాలకూ, వరద కబుర్లకూ. శనివారం ఆయన సంఘం మీటింగుకు వెళ్తే చెల్లెలి పాట వినడానికి జ్యువెల్ దాన్ని పెట్టేది. మొదటిసారి ఒళ్ళో పిల్ల కూడా ఉంది. తల్లి గొంతు తన పేరు పిలవగానే పిల్ల ఒక్క ఉదుటున దిగి, బూట్లు చేత పట్టుకుని, తలుపు తీసుకుని చీకట్లోకి పరుగెత్తింది. అమ్మ రోడ్డు మలుపులో ఉందనుకుంది. జ్యువెల్ వెళ్ళి పట్టుకునేసరికి పిల్ల పొంగుతున్న వాగులో నడుం లోతున ఉంది.

“ఆ తర్వాత శనివారం నిన్ను ముందే పడుకోబెట్టాను. భయపడి చేశాను. అది తప్పు కాదు” అంది జ్యువెల్. మైనం గిన్నె పక్కకు జరిపింది. “తర్వాత నువ్వు పెద్దదానివయ్యావు. వాగులోకి పరుగెత్తే వయసు దాటింది. అప్పుడూ పడుకోబెట్టాను. అది తప్పు. అప్పటికి నోరుజారి నన్ను అమ్మా అంటుండేదానివి. నాకింకెవరున్నారు చెప్పు?”

కోటు విప్పని మనిషి రొవీనా కళ్ళ ముందు కదిలింది. “క్రిస్మస్‌కి వచ్చి విన్నావా అని అడిగేది…”

“ఆ మాట గురించే అడిగేది. నువ్వు వెర్రిచూపులు చూసేదానివి. మీ అమ్మ నా మొహం చూసేది. పిల్ల అప్పటికే నిద్రపోతోందే అని చెప్పాను. నిద్రపోయినా సరే, నేను చెప్తూనే ఉంటానంది డెల్ఫా. రేడియో వాళ్ళు ఇక పాడొద్దనే దాకా చెప్తూనే ఉంది.”

“ఆ రచయిత నిన్ను కూడా అడిగాడుగా?”

“గుర్తు లేదన్నాను.”

రొవీనా అరవలేదు. అరిస్తే బాగుండునని క్లైడ్‌కు అనిపించింది. ఇంతకాలం తల్లి లేదనుకుని బతికాననీ, లేని తల్లిని లోకం చేత తిట్టించాననీ, ఆ తిట్లను రోజూ రొట్టెలతో నంజుకు తిన్నాననీ ఆమె మామూలు గొంతుతోనే అంది. వెళ్ళబోతుంటే జ్యువెల్ ఆమె చెయ్యి పట్టుకుంది.

“ఒక్కటి విను రెన్నీ. రేడియోకి చెవి ఆనించి నేనొక్కదాన్నే వినేదాన్ని. అది ఆ మాట అనగానే లేచొచ్చి నీ కాళ్ళు కప్పేదాన్ని. దాని మాట నీకు చేరనివ్వలేదు గానీ, అది చెప్పిన పని ఒక్క రాత్రీ మానలేదు.”

రొవీనా చెయ్యి విడిపించుకుని వెళ్ళిపోయింది. ఆ రాత్రి ఆమె పడుకున్నాక ఉక్కు చట్రం చప్పుడు గది గుమ్మం దాకా వచ్చి ఆగింది. ఆమె పెళ్ళయి, బిడ్డ పుట్టాక కూడా, ముసలావిడ ఎన్ని రాత్రులు అలా వచ్చి దుప్పటి సర్దిపోయిందో అప్పుడు గుర్తొచ్చింది. చప్పుడు లోపలికి రాకుండానే వెనక్కి వెళ్ళింది. తెల్లారేదాకా రొవీనా పాదాలు చల్లగానే ఉన్నాయి.

ఆదివారం కొండ మీద జనం బాగానే ఉన్నారు. చెట్ల కింద బల్లల మీద చిక్కుడు గింజల కూర, మొక్కజొన్న రొట్టెలు, ఆపిల్ పొరల కేకులు పరిచారు. ఏటా డెల్ఫా సమాధి దగ్గర పరాయి రాష్ట్రాల కార్లు ఆగేవి, అభిమానులు పువ్వులు పెట్టి ఫోటోలు తీసుకునేవాళ్ళు. ఈసారి ఒక్కరూ రాలేదు. శీతాకాలం వానలకు మట్టి దిబ్బ కుంగి, పాదాల వైపు నేల చదునైపోయింది. రొవీనాకు దాన్ని చూసేసరికి దుఃఖం ఆగలేదు. లోకం చేత తల్లి మీది దుప్పటి తనే లాగించినట్టు అనిపించింది.

ఆమె పార తీసుకుని మట్టి ఎగదోయడం మొదలుపెట్టింది. క్లైడ్ సాయం రాబోతే వద్దంది. తల వైపు కాదు, పాదాల వైపే పోసింది. రాళ్ళు ఏరి, గడ్డలు చిదిపి, చేత్తో మెత్తగా సర్దింది. జ్యువెల్ చట్రం ఊతంగా వచ్చి పక్కన నిలబడింది. ఆమె దాచి తెచ్చిన గుత్తి రొవీనా అందుకుని సమాధి మీద పెట్టింది.

“పెద్దమ్మా, అది ఎలా అనేది?”

“చెప్పానుగా.”

“మాటలు కాదు. ఎలా అనేదో చెప్పు. మనింట్లో విన్నదానివి నువ్వొక్కదానివే.”

తనది పాడే గొంతు కాదని జ్యువెల్ నీళ్ళు నమిలింది. అక్కచెల్లెళ్ళ గొంతులు ఒకేలా ఉంటాయని ఊళ్ళో అంతా అనేవాళ్ళు. నాన్నకు భయపడి ఒకరు నోరు మూసుకున్నారు, ఒకరు ఇల్లు విడిచారు, అంతే తేడా. ముసలావిడ కళ్ళు మూసుకుంది. చప్పట్లు సద్దుమణగాలన్నట్టు కాస్త ఆగింది.

“నిద్రపో రెన్నీ. కాళ్ళు కప్పుకో.”

అది తొంభై ఏళ్ళ గొంతు కాదు. భోజనాల బల్లల దగ్గర మాటలు ఆగిపోయాయి. డెల్ఫాను ఎరిగిన ముసలివాళ్ళిద్దరు టోపీలు తీసి చుట్టూ చూశారు. రొవీనా వెనక ఎవరో నిలబడి ఉన్నారు. కోటు విప్పకుండా, పెట్టె కింద పెట్టకుండా, ఒకే ఒక్క ప్రశ్నకు జవాబు కోసం. ఈసారి ఆమె తల తిప్పలేదు.

ఆమె ఒక చేత్తో పెద్దమ్మ చేయి పట్టుకుంది. రెండో అరచేయి తల్లి పాదాల మీది మట్టికి ఆనించింది.

“విన్నానమ్మా” అంది.