చెరో ఆరడుగులు

“లేఅవుటమ్మా!” అన్నాడు అప్పలసూరి, కొలతల టేపు చంకలో పెట్టుకుని.

పాక ముందు చింతపండు గింజలు తీస్తున్న చిలకమ్మకి అది “లే, అవుట్, అమ్మా!” అని వినిపించింది. ఆవిడ లేచింది. అవుట్ మాత్రం కాలేదు. చేట పట్టుకుని మీదికొచ్చింది.

“లెగమంటావేట్రా? ఉక్కు ఫేక్టరీకని ఊరు ఊరంతా ఒకసారి లెగిసినాం. ఈ అయిదు సెంట్లూ కొని నా పెనిమిటి కన్ను మూసినాడు. ఇక్కణ్ణించి లెగను. నన్ను మోసుకెల్లాల!”

“అమ్మా! లెగమనలేదే. ఇళ్ల స్థలాల పటాన్ని లేఅవుటంటారు” అంటూ కూతురు గౌరీశ్వరి బయటికొచ్చింది. నవ్వబోయి, తల్లి ముఖం చూసి, మానేసింది.

ఆ మానేసిన నవ్వుని అప్పలసూరి చూశాడు. ఊరిని ఇళ్ల జోను, ఫ్యాక్టరీల జోను అని రంగులేసి విడదీసే ఆఫీసులో పటాలు గీసే డ్రాఫ్ట్స్‌మన్ అతను. ఆ క్షణం నుంచి తను మాత్రం పరధ్యానం జోనులో పడ్డాడు.

అది ఎనభై రెండో సంవత్సరం. పెందుర్తిలో గవర్రాజు అనే రైతు తన అరెకరాన్ని బిట్లు చేసి, అనుమతి లేకుండానే అమ్మేశాడు. ఇప్పుడు అక్కడ ఇల్లు లేవాలంటే ప్లాను పాసవ్వాలి. ప్లాను పాసవ్వాలంటే ముప్పై అడుగుల రోడ్డుండాలి. దారి మొదట్లో, చిలకమ్మ బిట్టుకీ ఎదురు బిట్టుకీ మధ్య, పద్దెనిమిదే ఉంది.

టేపు రెండో కొస గౌరీశ్వరి పట్టుకుంది.

“మరీ లాగకండి, తెగిపోద్ది.”

“టేపా, మీ ఓపికా?”

“ముందు టేపే. ఓపిక సంగతి మీ కొలతని బట్టి ఉంటాది.”

కొలత పూర్తయ్యేసరికి అప్పలసూరి సరసం ఆవిరైపోయింది. పటంలో పన్నెండడుగులూ చిలకమ్మ వైపే తీశారు. మిగిలే ముక్కలో ఇంటికి పర్మిషన్ రాదు. ఎదురు బిట్టులో అంగుళం ముట్టుకోలేదు. ఆ బిట్టు అప్పలసూరిదే. శిష్యుడి మీద అభిమానంతో పెద్ద డ్రాఫ్ట్స్‌మన్ పెన్ను ఇటు తిప్పేశాడు.

నేల మీద గుర్తు పెట్టి రమ్మన్నారు కనక, తలొంచుకుని సున్నంతో గీత పోశాడు.

తెల్లటి గీత చూడగానే చిలకమ్మ ముఖం విప్పారింది. ఆవిడకి తెలిసినంతవరకూ నేల మీద ముగ్గు పోశారంటే పునాది మొదలైనట్టే. లోపలికెళ్లి పసుపు, కుంకుమ, కొబ్బరికాయ తెచ్చింది.

“ఓలమ్మా, రండర్రా! మా ఇంటికి ముగ్గు పోసినారు!”

చుట్టుపక్కల వాళ్లంతా వచ్చారు. ఆవిడ గీత మీద పసుపు చల్లి, కాయ కొట్టి, మొదటి ముక్క అప్పలసూరి చేతిలో పెట్టింది. సన్నగా చినుకు మొదలైంది.

“శుభమే బాబూ. తిను.”

తిన్నాడు. చెప్పాల్సిన మాట కూడా కొబ్బరితో పాటే మింగేశాడు.

గౌరీశ్వరికి పటం చదవడం వచ్చు. సాయంత్రం బస్సు స్టాపులో గొడుగు లేకుండా వచ్చి నిలబడింది.

“ఆ గీత రోడ్డుది కదా? మా అమ్మకి సెప్పలేదేటి?”

“నోరు రాలేదండి.”

“ఎదురు బిట్టు మీదేనంట. గవర్రాజు మావ సెప్పినాడు. అందుకేనేటి నోరు రానిది?”

ఆమె కనురెప్పల మీద తడి నిలిచింది. అది వాన తడే అని నమ్మడానికి అతను చాలా ప్రయత్నించాడు.

“ఆ పటం నాను గియ్యలేదండి.”

“అయితే సెరిపెయ్యండి” అని, వానలోనే వెళ్లిపోయింది.

పదిహేను రోజులకి అభ్యంతరాలు వినడానికి పంచాయతీ ఆఫీసుకి పై అధికారి వచ్చాడు. బిట్లవాళ్లంతా బెంచీల మీద సర్దుకున్నారు. కూతురు కూడా అసలు సంగతి చెప్పలేకపోవడంతో, చిలకమ్మ కొత్త చీర కట్టుకుని ముందు వరసలో కూర్చుంది.

“ఎవరికైనా అభ్యంతరం ఉందా?”

గౌరీశ్వరి లేవబోతుండగా, గోడ వారన పటాలు మోస్తూ నిలబడ్డ అప్పలసూరి ముందుకొచ్చాడు.

“నాకుందండి. ఆఫీసు మనిషిగా కాదు, ఎదురు బిట్టు ఓనరుగా. దారి నడుమ నుంచి రెండు పక్కలా సమానంగా తియ్యాలండి. చెరో ఆరడుగులు. నా ఆరూ తీసుకోండి.”

అధికారి స్కేలు పెట్టి చూసుకున్నాడు. “అలాగైతే వాళ్లకి ఇల్లు పాసవుతుంది. నీది చిన్న బిట్టయ్యా. ఆరు పోతే నీకు పర్మిషన్ రాదు.”

“తెలుసండి.”

చిలకమ్మకి అంతా అయోమయంగా ఉంది. “అదేటి బాబూ? మా ఇంటికి ముగ్గు పోసేసినావు గదా. మల్లీ ఈ ఆరడుగులేటి?”

అప్పలసూరి ఆవిడ ముందుకెళ్లి నిలబడ్డాడు.

“అమ్మా, ఆ రోజు నాను పోసింది ఇంటి ముగ్గు కాదు. రోడ్డు గీత. మీకు ఇల్లు లేకుండా సేసే గీత. మీరు పసుపు సల్లతంటే సెప్పలేకపోయినాను. తప్పు నాదే.”

ఆవిడ బెంచీ మీంచి లేచింది.

“తెలిసే కొబ్బరి తిన్నావా?”

“తిన్నానమ్మా.”

“గొంతు దిగిందా?”

“ఇప్పటిదాకా దిగలేదు.”

చిలకమ్మ కొంగుతో కళ్లొత్తుకుంది. “మరి నీకు ఇల్లెక్కడ నాయనా?”

గౌరీశ్వరి అతని చేతిలోని పటం తీసుకుని, దాని మడతలు సరిచేస్తూ, తల్లితోనే అంది.

“మనకి పాసవుద్ది కదమ్మా. ఆ ఇంట్లో ఇంకొక మనిసికి సోటుండదేటి?”

చిలకమ్మ కూతుర్ని చూసింది, కుర్రాణ్ణి చూసింది. అప్పుడు బెంచీల వైపు తిరిగింది.

“ఇన్నారా అందరూ? ఆనాడు పోసింది రోడ్డు ముగ్గంట. మీరంతా మల్లీ రావాల. ఇంటి ముగ్గు కూడా ఈడే పోత్తాడు. ఈసారి సరిగ్గా పొయ్యకపోతే, అల్లుడైనా సరే, ఒగ్గను!”