తొమ్మిదో వరస చివర రెండు హారన్లు

మా గోడౌన్‌లో తొమ్మిదో వరస చివరి మలుపుకి మంచి పేరు లేదు. పగలు అందరూ మామూలుగానే తిరుగుతారు. రాత్రి షిఫ్ట్ వాళ్లు మాత్రం అటు పని పడితే ఎనిమిదో వరసలోంచి చుట్టు తిరిగి వెళ్తారు. ఎందుకని అడిగితే నేల జారుతోందంటారు. నేల శుభ్రంగానే ఉంది. నేను వెళ్లి చూశాను.

రాత్రి రెండు దాటాక అక్కడ హారన్ మోగుతుంది. పొట్టిగా... రెండే రెండుసార్లు. కదిలే బండి ఉండదు. నడిపే మనిషీ ఉండడు.

శిక్షణ విభాగంలో రికార్డులు చూడటం నా ఉద్యోగం. ఫోర్క్‌లిఫ్ట్ నడపడం ఎవరు నేర్చుకున్నారు, ఎవరు పాసయ్యారు, ఎవరి కార్డు గడువు ఎప్పుడు తీరుతుంది, ఇవన్నీ నా దగ్గర ఉంటాయి. దెయ్యాలకి ఫైలు లేదు. "అది కార్డు లేకుండా నడుపుతోంది మేడమ్, మీరే పట్టుకోవాలి" అని వాచ్‌మన్ నన్ను ఏడిపించేవాడు.

నేనూ నవ్వేదాన్ని. ఆ మలుపులో పోయింది ఎవరో తెలిసి కూడా.

అతను మా మాస్టారి అల్లుడు. మాస్టారు ఇరవై ఏళ్లుగా ఇక్కడ ఫోర్క్‌లిఫ్ట్ నేర్పుతున్నారు, పరీక్షా ఆయనే పెడతారు. వెనక అందరూ 'ఫెయిల్ మాస్టారు' అంటారు. అద్దం సరిచేసుకోకపోతే ఫెయిల్. బెల్టు పెట్టుకోకుండా తాళం తిప్పితే ఫెయిల్. నేర్చుకోవడానికి వచ్చినవాడు యాభై ఏళ్లవాడైనా సరే, ఆయన నోట 'నువ్వు' అనే వస్తుంది.

పరీక్ష కాగితంలో పన్నెండు గడులుంటాయి. పదకొండోది మలుపు గురించి. అక్కడ పూర్తిగా ఆగాలి, రెండుసార్లు హారన్ కొట్టాలి, మూడు లెక్కపెట్టాలి, రెండు వైపులా చూసి అప్పుడు కదలాలి.

పరీక్ష రోజు అల్లుడు ఆగనూ లేదు, హారన్ కొట్టనూ లేదు. నవ్వుతూ తిరిగేశాడు. చుట్టూ పదిమంది చూస్తున్నారు. పెళ్లయి రెండు నెలలు. ఇంటల్లుణ్ని పదిమందిలో ఫెయిల్ అనడానికి మాస్టారికి నోరు రాలేదు. ఇరవై ఏళ్లలో మొదటిసారి, జరగనిదానికి టిక్కు పెట్టారు.

నాలుగు నెలలకి అదే మలుపు... అటునుంచి రంగు డబ్బాల లోడుతో ఇంకో బండి... ఇతను ఆగలేదు. డబ్బాలన్నీ ఇతని మీద పడ్డాయి.

అతని భార్యకి, అంటే మాస్టారి కూతురికి, ప్యాకింగ్‌లో పనిచ్చారు. షిఫ్టంతా నిలబడి అట్టపెట్టెలకి టేపు వెయ్యాలి. అదీ ఏడాది వరకే. ఆపరేటర్ కార్డు తెచ్చుకుంటే ఉద్యోగం నిలబడుతుంది, లేకపోతే ఇంటికే. ఆమె బండి నేర్చుకుంది. బాగా నేర్చుకుంది.

తండ్రి ఫెయిల్ చేశారు. రెండుసార్లు.

మూడోసారి తప్పితే ఇక అవకాశం లేదు, అది నిబంధన. కన్నకూతురి కడుపు కొడుతున్నాడని క్యాంటీన్‌లో ఆయన్ని తిట్టనివాళ్లు లేరు. నేను ఆమె కాగితాలు తీసి చూశాను. పన్నెండు గడుల్లోనూ టిక్కులున్నాయి. కింద, ఫలితం: ఫెయిల్. ఇదేంటి మాస్టారూ అని అడిగితే, ఇంకా భయం పోలేదమ్మా అన్నారు. ఎవరికి అని నేను అడగలేదు.

ఆ రోజుల్లోనే నా బీరువాలో ఖాళీ పరీక్ష కాగితాలు తగ్గుతూ వచ్చాయి. రోజుకొకటి చొప్పున. నేర్చుకునేవాళ్లు ఇంట్లో చూసుకోవడానికి పట్టుకెళ్తున్నారనుకున్నాను.

ఇక మిగతాది ఆమె నాకు చెప్పింది.

మూడో పరీక్ష మర్నాడు పొద్దున. ఆ రాత్రి ఆమె షిఫ్ట్‌లోనే ఉంది. విరామం ఇవ్వగానే నా గదిలో తాళాల బోర్డు మీదనుంచి శిక్షణ బండి తాళం తీసుకుని వెళ్లింది. ఆ మలుపు ఒక్కసారి తిరిగి చూసుకోవాలని. అలా తాళం తియ్యడం తప్పు. తర్వాత చీవాట్లు కూడా పెట్టాను.

తొమ్మిదో వరసలో రాత్రి సగం లైట్లే వెలుగుతాయి. రెండు పక్కలా కప్పు దాకా ర్యాకులు. ఆమె చెప్పుల చప్పుడు ఆమెకే వెనకనుంచి వస్తున్నట్టుంది. సగం దూరం వెళ్లేసరికి... గుసగుస.

"ఆపండి... అదీ... అలా పూర్తిగా ఆపండి."

ఆమె ఆగిపోయింది. ఆ గొంతు తెలుసు. ఇంట్లో పడుకుని ఉన్నాడనుకున్న తండ్రిది. కానీ ఆయన ఎవరినీ 'మీరు' అనడు... ఒక్క మనిషిని తప్ప.

ర్యాకు అంచు పట్టుకుని తొంగి చూసింది. మలుపు దగ్గర, రోజూ రాత్రి నిలిపి ఉంచే చోటే, శిక్షణ బండి ఉంది. సీటు ఖాళీ. నాలుగడుగుల దూరంలో, పసుపు గీత మీద తండ్రి. ఎడమచేతిలో ప్యాడ్, కుడిచేతిలో పెన్ను.

"ఇప్పుడు హారన్, అల్లుడుగారూ."

మోగింది.

మళ్లీ మోగింది.

తాళం ఆమె గుప్పిట్లో ఉంది.

"ఒకటి... రెండు... మూడు. రెండు వైపులా చూశారా? ఇక కదలండి." ఆయన టిక్కు పెట్టారు. కాగితం కింద ఏదో రాశారు.

ఆమె వెళ్లి ప్యాడ్ అందుకుంది. ఆయన ఉలిక్కిపడలేదు, దాచుకోనూ లేదు. పైన ఆమె భర్త పేరు ఉంది. పన్నెండు టిక్కులు. కింద, ఫలితం: ఫెయిల్.

"అన్నీ సరిగ్గానే చేశారుగా నాన్నా?"

"చేస్తున్నారు. మొదట్లో ఆగేవారు కాదు. ఇప్పుడు చక్కగా ఆగుతున్నారు."

"మరి?"

"పాస్ చేస్తే రేపు రారు కదమ్మా."

ఆమె ఆ నేల మీదే కూర్చుండిపోయింది. తర్వాత తలెత్తకుండానే అడిగింది.

"నా గురించి ఏమైనా అడిగారా?"

"పరీక్షలో మాట్లాడకూడదు తల్లీ. నేను పెట్టిన రూలే."

మరి నన్నెందుకు ఫెయిల్ చేస్తున్నావని అడిగితే, పాస్ చేస్తే నువ్వూ బండెక్కుతావు అన్నారట. ఒకసారి చూసింది చాలన్నారట. పోనీ బండెక్కకపోతే ఏం తిని బతకాలని ఆమె అడిగింది.

చివరికి ఆమే లేచి, ప్యాడ్‌లో కొత్త కాగితం పెట్టి ఆయన చేతికిచ్చింది.

"ఇంటల్లుణ్ని రోజూ అర్ధరాత్రి రప్పించి నిలబెడతావా నాన్నా? ఇదేనా మర్యాద? ఆయన్ని పంపించెయ్యి. తర్వాత నన్ను చూడు."

పొద్దున నా బల్ల మీద రెండు కాగితాలున్నాయి. ఒకటి కూతురిది. ఆ ఉదయం షిఫ్ట్ వాళ్లందరి ముందూ ఆ మలుపు మూడుసార్లు తిప్పించారు. పాస్. రెండోది అల్లుడిది. పన్నెండు టిక్కులు, పాస్. తేదీ మాత్రం ఆ రోజుదే. సంతకం చివర పెన్ను కాగితాన్ని చించింది.

చనిపోయి ఎనిమిది నెలలైన మనిషికి పరీక్ష కాగితం ఉండకూడదు. అతని పాత ఫైలు తీసి, అందులోని పాత పరీక్ష కాగితం మీద దీన్ని పెట్టి కుట్టేశాను. నన్నెవరైనా అడిగితే అప్పుడు చూసుకుంటాను.

శిక్షణ బండి హారన్‌కి తాళంతో పనిలేదని మెకానిక్ అంటాడు. వైరు ఎక్కడో ఆనుతోందట, దానంతటదే మోగుతుందట. కావచ్చు. రిజిస్టర్‌లో నేనూ అదే రాశాను. ఆ వైరు ఈరోజు వరకూ ఎవరూ బాగుచెయ్యలేదు. ఆ రాత్రి తర్వాత హారన్ మోగనూ లేదు.

ఇప్పుడు ఆమె రాత్రి షిఫ్ట్‌లో ఆపరేటర్. పోయిన నెల సూపర్‌వైజర్ ఫిర్యాదు పంపాడు, తొమ్మిదో వరస మలుపు దగ్గర ప్రతిసారీ టైము వృథా చేస్తోందని. ఒక రాత్రి ఉండి చూశాను. పూర్తిగా ఆగుతుంది. రెండుసార్లు హారన్ కొడుతుంది. మూడు లెక్కపెట్టాలి కదా... ఆమె ఇరవై దాకా ఆగింది, తల కొంచెం పక్కకి వంచి, చెవి అటు పెట్టి.

అటునుంచి ఏమీ మోగలేదు. అప్పుడు కదిలింది.

ఫిర్యాదు కింద 'నిబంధన పాటిస్తున్నారు' అని రాసి సంతకం పెట్టాను.