అమ్మ వైపు కొవ్వొత్తి

హేరాన్ ఇంతవరకూ ఎవరి ముందూ నోరు తెరిచి చెప్పని మాట ఒకటుంది. వాళ్లమ్మ చచ్చిపోలేదు.

నిజంగా పోయి ఉంటే, కాయితాల షావుకారు ఇంటికి ఆ పిల్ల అంతగా భయపడేదే కాదు.

జొంజు పాత ఊళ్లో పెళ్లిళ్లకి అద్దెకిచ్చే ఆ ఇంటికి ఉన్న పేరు మంచిది కాదు. పెళ్లి అనగానే ముందు ఇద్దరు తల్లులూ చేయీ చేయీ పట్టుకుని నడిచొచ్చి కొవ్వొత్తులు వెలిగించాలి కదా — పిల్లాడి తల్లి నీలంది, పిల్ల తల్లి ఎర్రది. తల్లి పోయిన పిల్లకి పిన్నో మేనత్తో వెలిగిస్తుంది. ఆ ఇంట్లో మాత్రం ఎవరూ వెలిగించక్కర్లేదట. దానంతటదే వెలుగుతుందట...

వెనకటికి ఆ షావుకారు భార్య, కూతురి పెళ్లి పది రోజులుందనగా పోయింది. ముహూర్తం మార్చలేదు. పెళ్లినాడు ఎర్ర కొవ్వొత్తి వెలిగించడానికి ఎవరికీ చేతులు రాలేదు. తలుపులు మూసి తెరిచేసరికి — వెలుగుతోంది. ఆ రోజు నుంచీ అంతే అంటారు. కొందరు ఆ సందులోకే రారు. తల్లిలేని పిల్లలు కొందరు పనిగట్టుకుని అక్కడే పెళ్లి చేసుకుంటారు.

హేరాన్ తల్లి మాత్రం తోంగ్యంగ్ రేవులో, రేకుల షెడ్డు కింద, రబ్బరు బూట్లేసుకుని ఆల్చిప్పలు ఒలుస్తూ, పక్కవాళ్లని బూతులు తిడుతూ నిక్షేపంగా బతికే ఉంది. నాలుగేళ్ల కిందటి వరకూ అయితే ఉంది. ఆ ఏడు ఒకరోజు తాగొచ్చి, హేరాన్ పనిచేసే పళ్ల డాక్టరు మెట్ల మీద చతికిలబడి, వచ్చేపోయే వాళ్లందరికీ వేలు పెట్టి చూపించింది. "అదిగో, ఆ తెల్ల కోటు పిల్ల. నన్ను చూస్తే సిగ్గు దానికి."

ఆ సాయంత్రం హేరాన్ అంది, "నాకు తల్లి లేదనుకుంటాను."

"అనుకో. నీకే హాయి," అంది అమ్మ.

అంతే. మళ్లీ మాటల్లేవు.

తరవాత దోగ్యమ్ పరిచయమయ్యాడు. మీ అమ్మగారు ఎక్కడుంటారు అని అడిగితే, "చనిపోయింది" అంది. ఎలా అంటే, "కాలేయం పాడై" అంది. అబద్ధం ఇంత సులువా అని ఆ పూట తనకే ఆశ్చర్యమేసింది.

సులువేం కాదు. దోగ్యమ్ తల్లి చర్చి మనిషి. సంగతి వినగానే హేరాన్ చేతులు రెండూ పట్టుకుని ఏడ్చేసింది. "మీ అమ్మ పేరు చెప్పు తల్లీ, చర్చిలో పూజ చెప్పిస్తాను" అంది. ఇంకో పేరు తట్టలేదు. ఉన్న పేరే చెప్పేసింది. సిమ్ ఓక్‌బున్. రెండేళ్లుగా నవంబరు రాగానే పోయినవాళ్ల పేర్లు చదివేటప్పుడు ఆ పేరూ చదువుతున్నారు. ఆవిడ పక్కన మోకాళ్ల మీద కూర్చుని, బతికున్న తల్లి ఆత్మశాంతికి హేరాన్ "ఆమెన్" అంటోంది.

ఇప్పుడు దోగ్యమ్‌తో పెళ్లి. చర్చి పక్క హాలు వచ్చే వేసవి దాకా ఖాళీ లేదు. కోట గుమ్మం దగ్గర బంగళాకి మరమ్మతుకని కప్పు విప్పేశారు. ఇంకోచోట బయటి వంట కుదరదన్నారు.

"షావుకారు ఇల్లే ఖాయం చేద్దాం," అంది దోగ్యమ్ తల్లి. "వాకిట్లో రెండువందల మందికి విందు పెట్టొచ్చు. పైగా మీ అమ్మ కూడా వస్తుంది."

"అయితే దెయ్యానికీ ఓ గిన్నె పెళ్లి నూడుల్స్ ఎక్కువ చెప్పాలన్నమాట," అన్నాడు దోగ్యమ్.

"నోర్ముయ్ వెధవా! వియ్యపురాల్ని పట్టుకుని దెయ్యమంటావా?"

హేరాన్ నవ్వింది. నవ్వక ఏం చేస్తుంది? వద్దంటే ఎందుకంటారు. ఎందుకో చెప్పడానికి నోరు రాదు.

ఇల్లు దీపాల వెలుతురులో ఎలా ఉంటుందో చూడాలని సాయంత్రం పూట వెళ్లారు. చలికాలం కదా, ఆరు కాకుండానే కటిక చీకటి. ఇల్లు చూసుకునే ముసలావిడ గేటు తీసింది. నడుం వంగిపోయిన మనిషి. వాకిలి, వంట చోటు, చెప్పుల బల్లలు అన్నీ చూపించింది. చివరికి నున్నటి చెక్క హాల్లో, ఎత్తు బల్ల మీద రెండు కొవ్వొత్తులు...

"ఒకసారి వెలిగించి చూద్దామా మామ్మగారూ?" అంది దోగ్యమ్ తల్లి.

"చూసి పోడానికి ఇదేమన్నా సినిమా హాలా తల్లీ?" అంది ముసలావిడ. కానీ అగ్గిపెట్టె ఇచ్చింది.

దోగ్యమ్ తల్లి నీలం కొవ్వొత్తి వెలిగించింది. ఎర్రదాన్ని ముట్టుకోలేదు. అందరూ వాకిట్లోకి దిగారు. ముసలావిడ కాగితం తలుపులు దగ్గరికి లాగేసి తనూ వచ్చి నిలబడింది.

హాల్లో ఎవరూ లేరు. కాగితం మీద ఒకటే పసుపు మరక... నీలం కొవ్వొత్తిది.

ఎలా వెలుగుతుంది, అమ్మ బతికుంటే? అనుకుంది హేరాన్. మరుక్షణం ఇంకోటి తోచింది. వెలగకపోతే... తన అబద్ధం బయటపడ్డట్టే కదా? పోనీ వెలిగితే —

ఆ ఆలోచన పూర్తి చేయలేకపోయింది. ఎటు కోరుకోవాలో తెలియలేదు. నిలబడి చూడటం తప్ప చేయగలిగింది లేదు.

ఐదు నిమిషాలు. పది. అందరి నోళ్లలోంచీ ఆవిరి. కాగితం మీద ఒకటే మరక.

"నా మీద కోపమేమో మీ అమ్మకి..." అంది దోగ్యమ్ తల్లి. "రెండు పూజలతో సరిపెట్టానని."

"అయ్యో, అదేం లేదు అత్తయ్యా. చలిగా ఉంది, పోదాం రండి."

గేటు వైపు నడిచారు. ముసలావిడ వెనకే వచ్చి హేరాన్ మోచెయ్యి పట్టుకుంది. తల్లీకొడుకులు నాలుగడుగులు ముందున్నారు.

"ముప్పై ఏళ్లలో ఎర్రది వెలగంది ఒక్కసారే," అంది గుసగుసగా. "ఆ పిల్ల కూడా తల్లి పోయిందనే చెప్పింది. పెళ్లినాడు ఆ పోయిన తల్లి వచ్చి ఇదిగో, ఈ గుమ్మంలో నిలబడింది."

హేరాన్ ఆ గుమ్మం వైపు చూసింది.

"మీ అమ్మ కూడా ఉంది కదూ?"

హేరాన్ తలూపింది. ఒక్కసారి, అంతే. నాలుగేళ్లలో ఒక మనిషి దగ్గర ఒప్పుకోవడం అదే మొదటిసారి. గుండె మీంచి బండ దిగినట్టయింది. ఉంది! ఆ షెడ్డులో, ఆ బూట్లలో, ఎవర్నో తిడుతూనే ఉంది. ఎన్నడూ లేనిది, ఆ తిట్లు వినాలనిపించింది. పైకి నవ్వు కూడా వచ్చేసింది.

"అరె!" అన్నాడు ముందు నడుస్తున్న దోగ్యమ్, వెనక్కి తిరిగి.

హేరాన్ కూడా తిరిగింది.

ఏ చప్పుడూ లేదు. ఏ నీడా లేదు. కాగితం తలుపు మీద — రెండు మరకలు.

"వచ్చింది!" దోగ్యమ్ తల్లి శిలువ గుర్తు వేసుకుని పరుగున వచ్చి హేరాన్‌ని వాటేసుకుంది. "చూశావా తల్లీ! ఎక్కణ్నించో రావాలి కదా పాపం, కాస్త ఆలస్యమైంది, అంతే!"

"తలుపు సందుల్లోంచి గాలి కొట్టిందమ్మా," అన్నాడు దోగ్యమ్. "నీలం మంట ఒరిగి పక్కదానికి అంటుకుంది. రెంటికీ జానెడు దూరం కూడా లేదు." అంటున్నాడే గాని, చూడ్డానికి అడుగు ముందుకెయ్యలేదు.

మోచెయ్యి మీద ముసలావిడ పట్టు సడలింది.

"ఆవిడతో ఎప్పుడు మాట్లాడావు?" అంది, హేరాన్‌కి మాత్రమే వినపడేలా.

నాలుగేళ్లవుతోంది, అనుకుంది హేరాన్.

ఇందాక రెండో మరక లేదు... ఇప్పుడు ఉంది. ఇందాకటికీ ఇప్పటికీ మధ్య, ఆ గేటు దాకా నడిచిన ఇరవై అడుగుల్లో — అక్కడ, రేవులో, ఏం జరిగింది? ఎవర్ని అడగాలి? తన నోటితో రెండేళ్ల కిందటే చంపేసిన మనిషి ఎలా ఉందని, ఏ ముఖం పెట్టుకుని, ఎవర్ని అడగాలి?

"ఏడువు తల్లీ, ఏడువు," దోగ్యమ్ తల్లి హేరాన్ వీపు నిమురుతోంది. "శాంతిగా ఉందమ్మా మీ అమ్మ. ఇంక శాంతిగా ఉంది."

అమ్మ ఏనాడూ శాంతిగా లేదు. ఒక్క పూట కూడా.

హేరాన్ ఆవిడ చేతులు మెల్లగా విడిపించుకుంది. చలికి వేళ్లు కొయ్యబారి ఉన్నాయి. జేబులోంచి ఫోన్ తీసింది.

"ఎవరికి, ఈ టైంలో?" అన్నాడు దోగ్యమ్.

"మా అమ్మకి," అంది హేరాన్.