కుడిపక్క స్పీకర్లు

"ఈ పెట్టె ఎవులు జరిపేరు?"

బైరాగి అరిచిన అరుపుకి వీధిలో వలలు బాగుచేసుకుంటున్నవాళ్ళు కూడా తలలెత్తి చూశారు. నాగమణి పొయ్యి మీంచి చేపల పులుసు దించుతోంది. గిన్నె అక్కడే వదిలేసి, కొంగుతో చేతులు తుడుచుకుంటూ లోపలికి పరుగెత్తింది.

"నానే మావా... అడుగున తుడుద్దారని..."

"ముట్టుకోవద్దని ఎన్నిపాలు సెప్పాల నీకు! నా ఇంట్లో నా మాటకి ఇలువ నేదేటి?"

అంటూనే చెయ్యి విసిరాడు. చెంప ఛెళ్ళుమంది! పెళ్ళయిన ఇన్నేళ్ళలో తాగొచ్చిన రోజున కూడా ఒక్క దెబ్బ వెయ్యని మనిషి... కట్టుకున్నదాన్ని ఒక చెక్కపెట్టె కోసం కొట్టాడు! దెబ్బకన్నా ఆ సంగతే నాగమణికి ఎక్కువ నొప్పి పెట్టింది. కళ్ళల్లోకి నీళ్ళు కూడా రాలేదు, అలా నిలబడిపోయింది. బైరాగి ఆమె ముఖంలోకి చూడలేదు. స్పీకర్ల సెట్టులో గుబగుబ మోత చేసే ఆ బరువైన ఊఫర్ పెట్టెని ఈడ్చుకొచ్చి తన కుర్చీ ముందు పెట్టుకుని, పాదాలు రెండూ దాని మీద ఆనించి టీవీ పెట్టాడు. ఇల్లంతా దద్దరిల్లింది. గూట్లో గ్లాసులు టకటకా కొట్టుకున్నాయి. పులుసు అన్నం ఎవరూ తినలేదు.

అసలా హోం థియేటర్ ఇంట్లో అడుగుపెట్టిన వేళే మంచిది కాదని నాగమణి అనుకోని రోజు లేదు. ఆ ఏడు రొయ్య బాగా పడింది. వజ్రపుకొత్తూరు తీరంలో చాలా ఇళ్ళకి కొత్త టీవీలు వచ్చాయి. బైరాగి టీవీతో ఊరుకోలేదు, స్పీకర్లు కూడా కావాలని పెళ్ళాన్ని వెంటబెట్టుకుని పలాసలో గణపతిరావు దుకాణానికి వెళ్ళాడు. గణపతిరావు మంచివాడు. చెక్కపెట్టెలు తనే చేయించి, లోపల స్పీకర్లు బిగించి అమ్ముతాడు. ఒక్కొక్క సెట్టూ పెట్టి వినిపించాడు. అందరూ చెవులొగ్గి వింటే బైరాగి మాత్రం ప్రతి పెట్టె మీదా అరచెయ్యి పెట్టి, కళ్ళు మూసుకుని నిలబడ్డాడు. జ్వరం చూస్తున్నావేటి మావా అని నాగమణి నవ్వింది కూడా. ఆ నవ్వు తలుచుకుంటే తరవాత ఆమెకి తన మీద తనకే అసహ్యం వేసింది!

"మీ గది చిన్నది బావా. ఈ చిన్న ఊఫర్ చాలు. పెద్దది పెట్టేవంటే గుబగుబ తప్ప మాటలు తెల్వవు," అన్నాడు గణపతిరావు.

"పెద్దదే కావాల," అన్నాడు బైరాగి.

మర్నాడు గణపతిరావే వచ్చి బిగించాడు. టీవీ మీద ఒకటి, దానికి అటూ ఇటూ రెండు, వెనక గోడకి రెండు, కూర్చున్న మనిషి చెవుల ఎత్తుకి సరిగ్గా వచ్చేట్టు. ఊఫర్ పెట్టె టీవీ పక్కన, మూలకి ఆనకుండా. "మూల పెడితే ఒకటే మోత బావా. కుర్చీ ఇదిగో, నడిమధ్యన ఉండాల. రెండు చెవులకీ సమానంగా అందాల. అప్పుడే అసలు మజా," అని మురిసిపోతూ చెప్పాడు. ఆ మనిషి బస్సెక్కి పలాస చేరాడో లేదో, బైరాగి మేకులన్నీ పీకేశాడు! ఎడమ పక్క స్పీకర్లూ, వెనక స్పీకర్లూ, అన్నీ తీసుకొచ్చి కుర్చీకి కుడిపక్కనే వరసగా కట్టేశాడు. పెద్ద పెట్టెని కాళ్ళ దగ్గరకి లాక్కున్నాడు. చూసినవాళ్ళు నోళ్ళు నొక్కుకున్నారు. "డబ్బులెట్టి కొన్నది ఇలగ్గానా పెట్టుకుంతారు?" అని కొడుకు కామేశ్ విసుక్కుంటే, "నా సొమ్ము, నా ఇష్టం!" అని కసిరాడు.

అప్పట్నుంచీ ఆ ఇంట్లో మనిషికీ మనిషికీ మాట లేదు. నాగమణి పిలిస్తే పలకడు. అన్నం పెట్టి ఉప్పు సరిపోయిందా అంటే జవాబు ఉండదు. పక్కింటి కాసులమ్మ ఊరుకుంటుందా! "నీ మాట అసలు పట్టించుకోడం నేదంటే ఊరుకోకే నాగీ! బారువ సంతకి ఊరికే ఎల్తన్నాడా, అక్కడ ఎవుల్నైనా సూసుకున్నాడా, కాస్త కనుక్కో!" అని చెవిలో ఊదింది. నాగమణి పైకి తిట్టి పంపింది కానీ ఆ మాట కడుపులో ముల్లులా ఉండిపోయింది. ఇప్పుడీ చెంపదెబ్బతో ఇంకేం అనుమానం మిగిలింది? తన కాపురం అయిపోయింది!

తెల్లారి బైరాగినీ కామేశ్‌నీ తీసుకుని బోటు వేటకి వెళ్ళిపోయింది. ఊడ్చుకుంటూ ఊడ్చుకుంటూ నాగమణి ఆ కుర్చీ దగ్గర ఆగింది. 'ఈ కుర్చీలో ఏ సొర్గం ఉందో సూత్తాను!' అనుకుని చీపురు పడేసి కూర్చుంది. అతను పెట్టినట్టే పాదాలు పెట్టె మీద పెట్టింది. టీవీ పెట్టింది.

కుడిచెవి పగిలిపోయింది. అరికాళ్ళలోంచి మోకాళ్ళదాకా వణుకు పాకింది. ఎడమపక్కన మాత్రం ఏమీ లేదు... ఉత్త గోడ! రెండు చెవులకీ సమానంగా అందాలన్న గణపతిరావు మాట అప్పుడు గుర్తొచ్చింది. సమానం ఎందుకు వద్దన్నాడు ఈయన? ఎడమచెవికి ఎందుకు ఏమీ అక్కర్లేకపోయింది?

నాగమణి పాదాలు కిందికి దించేసింది. తను అన్నం పెట్టేది ఎడమపక్క నిలబడి. మంచం మీద తను పడుకునేది ఎడమపక్క. ఇన్నాళ్ళూ ఏడ్చిన ఏడుపులూ, అడిగిన ప్రశ్నలూ, పెట్టిన శాపనార్థాలూ అన్నీ ఎడమపక్క నుంచే! బోటు వెనకాల కూర్చుని చుక్కాని పట్టిన ఇన్నేళ్ళూ మోటారు అతని ఎడమచెవి దగ్గరే గర్జించింది. మిగిలిన చెవికైనా ఇంత మోత కావాలంటే, కాళ్ళతో కూడా వినాల్సి వస్తోందంటే... "అయ్యో, నా తండ్రీ! నిన్ను ఎవుల్తోనో అనుమానించేనే!" అని ఆ కుర్చీలోనే తల బాదుకుంది.

అంతలో తడిబట్టలతో కామేశ్ వచ్చాడు. మోచెయ్యి గీరుకుపోయి రక్తం కారుతోంది.

"నాన్న నన్ను సంపీద్దారనుకుంతన్నాడేటమ్మా? మొననుండి నాను ఆగు ఆగని కేకలెడితే మోటారు ఇంకా పెంచీసినాడు! కెరటం ఎత్తి నన్ను నీల్లల్లో పడీసింది. నారాయణ మావ జుత్తట్టుకుని లాగాడు గానీ, నేపోతే ఈపాటికి నాను సచ్చిపోదును. నామీద ఏటంత కచ్చ ఆయనకి?"

తీరం దగ్గర కెరటాలు దాటేటప్పుడు ముందు నిలబడ్డవాడే కళ్ళు, వెనక చుక్కాని పట్టినవాడే చేతులు. ముందువాడు ఆగమంటే ఆగాలి, లాగమంటే లాగాలి. ఒక్క కేక తప్పితే బోటు తిరగబడుతుంది. ఆ ముందు నిలబడేది తన ఒక్కగానొక్క కొడుకు! నాగమణి వాడి తల తుడుస్తూ పెదవి కొరుక్కుంది.

బైరాగి వచ్చి కుర్చీలో కూలబడ్డాడు. కామేశ్ లేచి బయటికి వెళ్ళిపోయాడు. నాగమణి ఎడమపక్కన నిలబడి, "మావా, నీకు ఇనిపించడం నేదు కదా?" అంది. అతను పలకలేదు. చుట్టూ తిరిగి కుడిపక్కకి వచ్చి మోకాళ్ళ మీద కూర్చుంది. అదే మాట గట్టిగా అడిగింది. బైరాగి ముఖం పాలిపోయింది. టీవీ వైపు పోబోయిన చెయ్యి ఆగిపోయింది.

"ఎవులు సెప్పినారు?"

"ఈ స్పీకర్లే సెప్పినాయి."

అంత మనిషీ వెక్కివెక్కి ఏడ్చాడు! "ఎడం సెవి ఎప్పుడో పోయిందే నాగీ. ఇప్పుడు కుడిది కూడా పోతంది. రోజూ ఇక్కడ కూకుని సూసుకుంతన్నాను... నిన్నటి మోత నేడు సాలడం నేదు. ఈ పెట్టె మీద కాలెడితే ఏదో ఇన్నట్టుంతాది. నువ్వు దాన్ని జరిపీసేవు. మాయదారి కోపం వొచ్చింది. ఈ సెయ్యి ఇరిగిపోనూ..."

"ఊరుకో మావా, ఆసుపత్రికెల్దాం..."

"ఎల్తే ఏటవుద్ది? మా అన్న నడుంనొప్పని ఎల్లి కిడ్నీలు పోయాయన్న మాట ఇని వొచ్చినాడు. మరి లేచినాడా? ఈ ఉద్దానంలో ఆసుపత్రికెల్లి మంచి మాటతో వొచ్చినోడు ఎవులే? నాకొద్దు!"

"పోనీ సుక్కాని నారాయణకి ఇచ్చీ. నేడు పిల్లడు పోయేవోడు మావా..."

"ఇకన జరగదు. ఆడి సెయ్యి సైగలు సూసుకుని నడుపుతాను. నన్ను ఒడ్డున కూకోబెట్టకే! నీల్ల మీదున్నంతసేపే నాను మనిసిని." ఆమె రెండు చేతులూ పట్టుకున్నాడు. "ఎవులికీ సెప్పనని కామేశు మీద ఒట్టెయ్."

ఏ కొడుకు ప్రాణం కోసం భయపడుతోందో ఆ కొడుకు మీదే ఒట్టు! నాగమణి ఏడుస్తూనే ఒట్టేసింది. భర్త పరువు ఒకవైపు, కడుపున పుట్టినవాడి ప్రాణం ఒకవైపు... ఆడదాని బతుకులో ఇంతకన్నా శిక్ష ఉంటుందా?

మర్నాడు తెలతెలవారుతుండగా అందరూ తీరానికి చేరారు, వెనకే నాగమణి కూడా. మామూలుగా బోటు బయల్దేరే వేళ ఆడవాళ్ళు అక్కడిదాకా రారు. వచ్చినా, బయల్దేరిన బోటుని వెనకనుంచి పిలవరు. పిలిస్తే కీడని అందరికీ తెలుసు. బోటుని నీళ్ళలోకి తోశారు. కామేశ్ మొనమీద నిలబడ్డాడు. బైరాగి వెనకాల కూర్చుని, సముద్రం వైపు తిరిగి మోటారు తాడు చుట్టుకుంటున్నాడు. ఇంకా మోటారు పలకలేదు. దూరంగా కెరటాలు నిన్నటికన్నా ఎత్తుగా లేస్తున్నాయి. నాగమణి ఇసకలో నిలబడి కొడుకుని చూసింది, మొగుడి వీపుని చూసింది. ఎవరికీ చెప్పనని ఒట్టేసింది. చెప్పదు!

"బైరాగీ...!"

పెళ్ళయిన నాటి నుంచి ఏనాడూ నోటితో అనని పేరు! అది గొంతు చీల్చుకుని వచ్చింది. వలలు సర్దుతున్నవాళ్ళు తిరిగారు. పక్క బోట్లవాళ్ళు తిరిగారు. బోటు పక్కన నడుంలోతు నీళ్ళలో ఉన్న నారాయణ, ఆమె సొంత తమ్ముడు, నోరు తెరిచి చూశాడు. "అప్పా! బుద్దుందేటి నీకు, ఎల్లే బోటుని పిలిత్తావా!" అన్నాడు. తీరం తీరమంతా ఆమె వైపు తిరిగింది.

ఒక్కడే తిరగలేదు. వంచిన తల వంచినట్టే ఉంచి, తాడు చుట్టుకుంటూనే ఉన్నాడు.

కామేశ్ తల్లిని చూశాడు. తండ్రిని చూశాడు. వాడి ముఖం మారిపోయింది. మెల్లగా బోటు వెనక్కి నడిచి, ఎడమపక్క నిలబడి, "నాన్నా," అన్నాడు. పలుకు లేదు. "నాన్నా!" అంటూ భుజాలు పట్టుకుని బావురుమన్నాడు. అప్పుడు తలెత్తాడు బైరాగి. అందరి చూపులూ ఎటున్నాయో అటు తిరిగాడు. పెళ్ళాం కనిపించింది. ఏం జరిగిందో ఎవరూ అతనికి చెప్పనక్కర్లేకపోయింది. తాడు నారాయణ చేతిలో పెట్టి నీళ్ళలోకి దిగాడు. నాగమణి పక్కనుంచే నడిచి వెళ్ళాడు, ఆమెని చూడలేదు.

ఆమె ఇల్లు చేరేసరికి అతను స్టూలెక్కి ఉన్నాడు. కుడిపక్క స్పీకర్లన్నీ విప్పి, గణపతిరావు పెట్టిన చోటల్లా మళ్ళీ మేకులు కొడుతున్నాడు. ముందు మూడు, వెనక రెండు, టీవీ పక్కన పెద్ద పెట్టె. నాగమణి వైరు పట్టుకుని అందించింది. ఏడుస్తూనే అందించింది. అంతా అయ్యాక తన కుర్చీ ఎత్తి బయట అరుగు మీద వేసుకున్నాడు. "మీరందరూ సూసుకోండి," అన్నాడు. అంతే.

తరవాత చాలా రోజులు అతను ఆమెతో మాట్లాడలేదు. నారాయణ చుక్కాని పట్టాడు, కామేశ్ రోజూ క్షేమంగా తిరిగొచ్చాడు. దాని కోసం ఆ మౌనాన్ని నాగమణి నోరెత్తకుండా మోసింది. కాసులమ్మ కూడా ఇప్పుడు ఆమెని చూస్తే కళ్ళు తుడుచుకుంటోంది. బైరాగి అరుగు మీద వలలు బాగుచేస్తూ కూర్చుంటాడు. కామేశ్ వచ్చి కుడిపక్కన కూర్చుని ఆ రోజు వేటంతా గట్టిగట్టిగా చెబుతాడు. కొన్ని వినిపిస్తాయి, కొన్నిటికి ఊరికే తలూపుతాడు.

ఒక సాయంత్రం నాగమణి టీ గ్లాసు అందిస్తుంటే ఆమె చెయ్యి పట్టుకున్నాడు. తల వంచుకునే అడిగాడు.

"ఆ రోజు నా పేరెట్టి పిలిసేవంట కదే?"

ఆమె బిక్కచచ్చిపోయింది. "తప్పయిపోయింది మావా..."

"ఊరంతా ఇన్నారంట. నానొక్కడినే ఇననేదు." గ్లాసు అరుగు మీద పెట్టేశాడు. "పెల్లాం నోట నా పేరు... ఒక్కపాలి మల్లీ పిలవ్వే. మిగిలింది కూడా పోకముందు."

నాగమణి కుడిపక్కకి వచ్చి, సిగ్గుతో వీధి అటూ ఇటూ చూసి, మెల్లగా పిలిచింది. అతను ఎదురుచూస్తూనే ఉన్నాడు. చెవి దగ్గరకి వంగి ఇంకాస్త గట్టిగా పిలిచింది. అతని కళ్ళు ఆమె పెదాల మీదే ఉన్నాయి, అందలేదు. ఇక సిగ్గూ లేదు, వీధీ లేదు. రెండు చేతులూ అతని చెవి చుట్టూ పెట్టి, గుండెల్లో ఉన్న ఊపిరంతా పెట్టి, "బైరాగీ!" అని పిలిచింది. గుమ్మాల్లోంచి జనం తొంగిచూశారు.

అతని ముఖం విచ్చుకుంది. కన్నీళ్ళు బుగ్గల మీదికి జారుతుండగా పలికాడు.

"ఓయ్... ఏటే నాగీ?"