చదివి వినిపించిన లెక్క

విశ్వేశ్వరయ్య పెరట్లో మొహం కడుక్కుంటున్నాడు. ఆళ్లగడ్డ బడిలో ఆయన లెక్కల మాస్టరు. పంచలో కూతురు శాంతకుమారి ట్యూషను చెబుతోంది.

"శ్రీశైలం డ్యాముకు లారీలో సిమెంటు మూటలు పోతాండాయి. సున్నిపెంటలో మూడో వంతు దించినారు..." ఈరమ్మ అనే పిల్ల గట్టిగా చదువుతోంది.

ఆయన చేతిలో చెంబు ఆగిపోయింది. ఆ లెక్క ఏ పుస్తకంలోనూ లేదు. సోమవారం జరగబోయే పరీక్ష కోసం ఆయనే తయారుచేశాడు.

పిల్లలు వెళ్ళేదాకా ఆగాడు.

"ఆ లెక్క యాడిదమ్మా?"

"నువ్వు నాకు చదివి వినిపించిందే నాయనా," అంది శాంత తలెత్తకుండా. "ఈతూరి తప్పితే ఈరమ్మను వాళ్ళింట్లో బడి మాన్పిస్తామంటాండారు. ఆ పాప ఏడుస్తాంటే చూడలేకపోయినా."

"లెక్క రాకుండా పాసయితే వచ్చే ఏడు ఏం చేస్తాది? మన పంచకు రాని పిల్లోళ్ళు ఏం పాపం చేసినారు? వాళ్ళకు ఈ లారీ లెక్క ముందే ఎవరు చెప్తారు?"

"అట్లయితే నాకెందుకు చదివినావ్?"

ప్రశ్నపత్రం తయారుచేసినప్పుడల్లా లెక్కలను భార్యకు చదివి వినిపించడం ఆయన అలవాటు. ఐదో తరగతితో చదువు ఆపిన మహానందమ్మ బియ్యం ఏరుతూ వినేది. "ఏందది, తిరకాసుగా ఉంది," అంటే మార్చేవాడు. విన్నది ఆమె ఎన్నడూ గడప దాటనీయలేదు. మొన్న ఎండాకాలంలో ఆమె పోయింది. ఈసారి ఆ చోట శాంతను కూర్చోబెట్టుకున్నాడు. ట్యూషను చెప్పే మనిషికి పేపరు వినిపించకూడదని తోచనే లేదు.

"మీయమ్మకు చదివేవాణ్ణి గదా, అట్లే..."

"అమ్మ పోయినంక నువ్వు నాతో మాట్లాడింది ఆ లెక్కలే నాయనా," అంది శాంత. "ఇంకో మాట లేదు. నేను అవే పట్టుకోని కూచున్నా."

ఆయన తువ్వాలు మడిచాడు, విప్పాడు, మళ్ళీ మడిచాడు.

"పద, హెడ్మాస్టరుకు చెప్తాం. వినిపించిన తప్పు నాది."

"పిల్లోళ్ళకు చెప్పిన తప్పు నాది. అది నేనే చెప్తా."

హెడ్మాస్టరు ఇద్దరినీ నిలబెట్టే విన్నాడు. "వెంటనే నంద్యాల పోయి ప్రెస్సులో అచ్చు ఆపించండి. కొత్త పేపరు ఇంకో లెక్కల మాస్టరు నరసింహం రాస్తాడు. ఇంక మీకు పేపర్ల పని వద్దు మాస్టరూ."

ఆయన తలవంచుకుని బయటికి వచ్చాడు.

నంద్యాల బస్సులో ఇద్దరూ పక్కపక్కనే కూర్చున్నారు.

"ఈరమ్మ వాళ్ళ నాయనతో నేను మాట్లాడతా. ఆ పాపకు సాయంత్రం పూట ఇద్దరం చెప్తాం."

శాంత తలూపింది. శిరివెళ్ల దాటింది. ఆయన కిటికీలోంచి పత్తి చేలను చూస్తూ అన్నాడు:

"అమ్మ నీక్కూడా పోయింది గదా, శాంతా. నేను నీ దిక్కు చూడనే లేదు."

"చూడలేదు నాయనా," అంది శాంత. ఆ మాటలో కోపం లేదు. తండ్రి భుజం మీద తల ఆనించి, ఎండాకాలం నుంచి ఒంటరిగా ఏడుస్తున్న ఏడుపు మొదటిసారి ఆయన దగ్గర ఏడ్చింది.