వాన ఆకు, పన్నెండో టిక్కు

కెరిచో ఊళ్లో కూర్చుని, మూడు కొండల అవతల ఎవరింట్లో పాలు మాడాయో చెప్పేసే ముక్కు టాప్లెలేయిది. నా మాటలో సగం నమ్మినా చాలు. తేయాకు ఫ్యాక్టరీలో ఆకు వాడబెట్టే చోట ఇరవై ఆరేళ్లుగా ఆమెదే పెద్దరికం.

ఆ పొద్దున మాత్రం ఎదురుగా చాయ్ పొంగి పొయ్యిలో పడినా ఆ ముక్కుకు తెలియలేదు.

ఏడాది క్రితం ఫ్యాక్టరీవాళ్లు పాతవాళ్లను కొత్తవాళ్లకు పని నేర్పమన్నారు. నేర్పినదానికల్లా కాగితం మీద టిక్కు పెట్టాలి. టాప్లెలేయి వంతుకు వచ్చింది సొంత కోడలు చెరోటిచ్. అత్త పన్నెండు టిక్కులూ పెట్టింది. నేర్పింది పదకొండే. వాన ఆకుకు, అంటే వానలో తడిసిన ఆకుకు, గడియారం పనికిరాదు. గుప్పిట్లో ముద్ద చేసి వదిలితే మెల్లగా విడాలి, అప్పుడే వాడబెట్టిన చోటు నుంచి దించాలి. అదొక్కటి దాచుకుంది. అదీ చెప్పేస్తే ఇక తననెవరు పిలుస్తారని భయం.

ముందురోజు చెరోటిచ్ గడియారం చూసి వాన ఆకు దించేసింది. రెండు టన్నుల ఆకు పాడైంది. ఆమె పని ఉంటుందో ఊడుతుందో పదింటికి మేనేజరు తేలుస్తానన్నాడు.

"ఏడాదిపాటు అమ్మ పక్కన గోడను నిలబెట్టినా ఈపాటికి నేర్చుకునేది" అన్నాడు కొడుకు కోరిర్ పెళ్లాంతో.

"అత్త అన్నీ చెప్పింది. నా బుర్రకే ఎక్కలేదు" అంది చెరోటిచ్ తల వంచుకుని.

టాప్లెలేయి కప్పు కింద పెట్టింది.

"నేను చెబితే కదే ఎక్కడానికి."

దాచిందంతా చెప్పేసింది. చెరోటిచ్ అంది:

"రాత్రంతా నా చేతుల్ని నేనే తిట్టుకున్నాను అత్తా."

పదింటికి ఇద్దరూ వెళ్లారు. మేనేజరు ముందు టాప్లెలేయి పన్నెండో టిక్కును తన చేత్తోనే కొట్టేసింది. ఆయన చెరోటిచ్‌కి పని నేర్చుకోవడానికి మూడు నెలల గడువిచ్చి, అత్త పెద్దరికం తీసేశాడు.

మధ్యాహ్నం మళ్లీ వాన. టాప్లెలేయి గుప్పెడు ఆకు తీసి కోడలి చేతిలో పెట్టి, పైనుంచి తన చేత్తో బిగించింది. వదిలారు. ముద్ద మెల్లగా, నిద్ర లేస్తున్నట్టు విడింది.

"ఇప్పుడు పెట్టత్తా టిక్కు."

"నువ్వే పెట్టుకోవే. నా చెయ్యి ఒకసారి అబద్ధం రాసింది."

చెరోటిచ్ కలం అత్త వేళ్ల మధ్య పెట్టి, ఆ చెయ్యి పట్టుకుని తానే దిద్దించింది. కెరిచోలో ఆ రోజు పడిన వానకన్నా టాప్లెలేయి కన్నీళ్లే ఎక్కువ. ఈ మాట మాత్రం పూర్తిగా నమ్మండి.